బూటవ్వని కంప్యూటరే నయం

ఓవర్‌క్లాకింగ్ గురించి ఎవరు రాసినా ఎంత స్పీడొచ్చింది, ఏ కూలర్ బిగించారు, బెంచ్‌మార్కులో ఎన్ని పాయింట్లు కొట్టింది.. ఇవే రాస్తారు. ఈ టపాలో నేను దాని వెనకవైపు నుంచి వస్తాను. స్పీడు పెంచి, సేవ్ చేసి, బటన్ నొక్కాక ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోతుంది. ఆ క్షణం ఉంది చూశారూ, దాని చరిత్ర అన్నమాట. నవ్వకండి, దానికీ నలభయ్యేళ్ళ చరిత్ర ఉంది.

నా వాదన ముందే చెప్పేస్తా. ఓవర్‌క్లాక్ చేశాక బూటవ్వని కంప్యూటరు నిజాయితీ గల కంప్యూటరు. "నావల్ల కాదు బాబూ" అని మొహమ్మీదే చెప్పేస్తుంది. బుద్ధిగా బూటయ్యి, డెస్క్‌టాప్ చూపించి, లోపల్లోపల రెండూ రెండూ కలిపి అప్పుడప్పుడూ ఐదు అనేది ఉంటుందే, దానితోనే అసలు గొడవ. ఈ చరిత్రంతా నాకు ఆ రెండు రకాల కంప్యూటర్ల కథలాగే కనిపిస్తుంది.

ముందు రెండు ముక్కలు బేసిక్స్. ప్రాసెసర్‌కి మెగాహెర్ట్జ్ అని ఒక అంకె వేసి అమ్ముతారు కదా, అది ఆ చిప్ చేరుకోగల ఆఖరి హద్దు కాదు. ఎండలోనైనా, వోల్టేజీ కాస్త కిందికి జారినా, కొన్నేళ్ళు అరిగాక కూడా తప్పు చెయ్యకుండా నడుస్తుందని కంపెనీ హామీ ఇవ్వగల అంకె. హద్దుకీ హామీకీ మధ్య ఉన్న జాగానే మార్జిన్ అంటాం. ఓవర్‌క్లాకింగ్ అంటే ఆ మార్జిన్‌లో చెయ్యి పెట్టడం. ఇక బటన్ నొక్కాక జరిగేది: పవర్ సప్లై "వోల్టేజీలు కుదురుకున్నాయి" అని సిగ్నల్ ఇస్తుంది, ప్రాసెసర్ నిద్ర లేచి బయాస్‌లో మొదటి సూచన చదువుతుంది, తర్వాత మెమరీ వెతుక్కుంటుంది, ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు, ఆఖర్న డిస్కు. ఈ వరసలో ఎక్కడ ఆగిపోయిందో చూస్తే ఎవరికి నొప్పి పుట్టిందో తెలుస్తుంది. పాత అవార్డ్ బయాస్‌లో ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వినిపిస్తే గ్రాఫిక్స్ కార్డు. ఆగకుండా కూస్తుంటే మెమరీ. అసలు కూతే లేకపోతే.. ఇంకా ముందే ఎక్కడో పడిపోయిందని.

ఇక కథలోకి. 1984లో ఐబీఎమ్ పీసీ ఏటీ వచ్చింది. అందులో 80286 ప్రాసెసర్ 6 మెగాహెర్ట్జ్‌లో నడిచేది. బోర్డు మీద 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఒకటుండేది, దాని వేగంలో సగమే ప్రాసెసర్ వేగం. ఆ క్రిస్టల్‌ని టంకం వేసి అతికించలేదు, సాకెట్లో గుచ్చారంతే. జనం ఊరుకుంటారా! కొద్ది డాలర్లు పెట్టి 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ కొనుక్కొచ్చి దాని స్థానంలో గుచ్చేశారు. 6 కాస్తా 8 అయింది. మూడోవంతు స్పీడు ఉత్తినే!

ఐబీఎమ్ ఏం చేసిందంటే, తర్వాత వచ్చిన బయాస్‌లో ఓ చిన్న పరీక్ష పెట్టింది. స్టార్టప్‌లో మెషీన్ తన వేగాన్ని తానే కొలుచుకుంటుంది. ఉండాల్సిన దానికంటే ఎక్కువుంటే అక్కడితో ఆగిపోతుంది. చూశారా తమాషా? చిప్‌కి ఏ నొప్పీ లేదు, మెమరీ బాగానే ఉంది, ఐనా బూటవ్వదు. ఎందుకంటే బూటవ్వొద్దని ఎవరో కోడ్ రాశారు. "నేను కొన్న మెషీన్‌లో మిగిలున్న స్పీడు ఎవరిది?" అనే తగువు అక్కడ మొదలైంది. ఇప్పటికీ తెగలేదు, దానికి మళ్ళీ వస్తాను.

486 కాలం, టర్బో బటన్లు, జంపర్లు.. వీటిని త్వరగా దాటేద్దాం. అప్పట్లో స్పీడు మార్చాలంటే బోర్డు మీద చిన్న ప్లాస్టిక్ టోపీని ఒక పిన్ను మీంచి తీసి ఇంకో పిన్ను మీద పెట్టడమే. బూటవ్వలేదా, టోపీ మళ్ళీ వెనక్కి. ట్రబుల్‌షూటింగ్ అంటే అంతే. కాకపోతే ఇదే పనిని దొంగ వ్యాపారులు కూడా చేశారు. తక్కువ స్పీడు పెంటియమ్ మీద ఉన్న అంకె చెరిపేసి, ఎక్కువ అంకె ముద్రించి అమ్మేవాళ్ళు. కొన్నవాడికి తన కంప్యూటరు ఓవర్‌క్లాక్ అయిందనే తెలీదు. ఇంటెల్ మల్టిప్లయర్‌కి తాళం వెయ్యడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. 1998 నాటికి ఆ తాళం దాదాపు అన్ని కొత్త ఇంటెల్ చిప్‌లకీ పడిపోయింది. మిగిలిందల్లా బోర్డు ఇచ్చే బస్ స్పీడు పెంచడమే.

ఇక్కడికొచ్చాక కథ రంజుగా మారుతుంది. 1998 ఆగస్టు 24న ఇంటెల్ రెండు ప్రాసెసర్లు విడుదల చేసింది. ఒకటి పెంటియమ్ టూ 450, ధర 669 డాలర్లు. రెండోది సెలెరాన్ 300ఏ, ధర 149 డాలర్లు. (ఈ ధరలు పెద్దమొత్తంలో కొనేవాళ్ళకి ఇంటెల్ ఇచ్చేవి.) అంతకు ముందు ఏప్రిల్‌లో వచ్చిన సెలెరాన్‌కి ఎల్2 క్యాష్ అసలు లేదు, అందరూ తిట్టారు. దాంతో 300ఏలో 128 కేబీ క్యాష్ చిప్ లోపలే పెట్టారు, అదీ ప్రాసెసర్‌తో సమాన వేగంలో. పెంటియమ్ టూలో క్యాష్ 512 కేబీ ఉన్నా విడిగా ఉండి సగం వేగంలో నడిచేది. ఇప్పుడు లెక్క చూడండి. 300ఏ మల్టిప్లయర్ 4.5, బస్ 66. గుణిస్తే 300. బస్‌ని 100 చేస్తే? 450! అదే రోజు అదే కంపెనీ నాలుగున్నర రెట్ల ధరకి అమ్మిన చిప్‌తో చాలా పనుల్లో భుజం భుజం కలిపి పరిగెత్తేది. 100 ఎంచుకునే సదుపాయం లేని బోర్డుల మీద, స్లాట్‌లో దూరే అంచున బీ21 అనే ఒక్క కాంటాక్టు మీద టేపు ముక్క అంటించేవాళ్ళు. అది మూసుకుపోతే బోర్డు దాన్ని 100 మెగాహెర్ట్జ్ చిప్ అనుకునేది.

అందరి చిప్పులూ 450కి రాలేదు. అప్పుడు జాగ్రత్తపరులు ఏమనుకున్నారంటే, "100 మరీ ఎక్కువేమో, మధ్యేమార్గంగా 83 పెడదాం, 375 వస్తుంది, చాల్లే" అని. వినడానికి ఎంత సబబుగా ఉందో! కానీ అదే కొంప ముంచింది.

ఎలాగంటే, ఆ రోజుల్లో బోర్డు మీద గడియారం ఒక్కటే. బస్ స్పీడునే భాగించి మిగతా వాళ్ళందరికీ పంచేవాళ్ళు. పీసీఐ బస్ 33 మెగాహెర్ట్జ్‌లో నడవాలి. బస్ 66 ఉన్నప్పుడు రెండుతో భాగిస్తే 33. బస్ 100 అయితే మూడుతో భాగిస్తే మళ్ళీ 33. రెండు చోట్లా సుఖమే. మరి 83? చాలా బోర్డుల్లో దాన్ని రెండుతోనే భాగించేవాళ్ళు. అంటే 41 పైచిలుకు. ప్రాసెసర్ మీద పడ్డ భారం 100 దగ్గరికంటే తక్కువే, కానీ పీసీఐ మీద ఆధారపడ్డ సౌండు కార్డు, నెట్‌వర్క్ కార్డు, అన్నిటికంటే ముఖ్యంగా హార్డ్ డిస్కు కంట్రోలరు పాతిక శాతం ఓవర్‌క్లాక్ అయిపోయేవి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఏజీపీ కూడా 66 బదులు 83లో ఉరికేది. మనం చెయ్యి పెట్టింది ఒకరి మీద, దెబ్బ తగిలింది ఇంకొకరికి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

దీన్ని ట్రబుల్‌షూట్ చేసే పద్ధతి తలకిందులుగా ఉండేది. మామూలు తర్కం "బూటవ్వకపోతే కాస్త తగ్గించు" అంటుంది. ఇక్కడేమో 100 నుంచి 83కి తగ్గిస్తే ఇంకా ప్రమాదం. పైగా 100 దగ్గర చిప్‌కి చేతకాకపోతే బూటవ్వదు, గొడవ లేదు. 83 దగ్గర బూటయ్యేది, విండోస్ 98 కూడా వచ్చేది, నాలుగు రోజుల తర్వాత ఫైళ్ళు చెడిపోయి కనిపించేవి. నేనన్న రెండో రకం కంప్యూటరు ఇదే. ఆ డిస్కు మీద ప్రాజెక్టు రిపోర్టు దాచుకున్నవాడి సంగతి ఆలోచించండి.

ఇదే సమయంలో ఎబిట్ కంపెనీ బీహెచ్6 లాంటి బోర్డుల్లో సాఫ్ట్‌మెనూ అని పెట్టింది. జంపర్లు అక్కర్లేదు. బయాస్‌లోకి వెళ్ళి బస్ స్పీడూ వోల్టేజీ రెండూ కీబోర్డుతోనే మార్చేసుకోవచ్చు. గొప్ప సౌకర్యం. కానీ ఓ చిక్కుంది. మార్చిన స్పీడు తప్పైతే మెషీన్ బూటవ్వదు. బూటవ్వకపోతే బయాస్‌లోకి వెళ్ళలేం. వెళ్ళకపోతే స్పీడు తగ్గించలేం. తాళంచెవి ఇంట్లో మర్చిపోయి తలుపు లాగేసుకున్నట్టు. అందుకే క్లియర్ సీమాస్ జంపర్‌కి అంత ప్రాముఖ్యత వచ్చింది. పవర్ తీగ పీకి, ఆ జంపర్ కాసేపు మార్చితే బయాస్ తను దాచుకున్న సెట్టింగులన్నీ మర్చిపోయి ఫ్యాక్టరీ స్థితికొస్తుంది. జంపర్ దొరక్కపోతే బిళ్ళలాంటి సీఆర్2032 బ్యాటరీ తీసి కొంతసేపు ఆగేవాళ్ళు. అవార్డ్ బయాస్ ఉన్న చాలా బోర్డుల్లో ఇన్సర్ట్ కీ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే సెట్టింగులు పక్కనబెట్టి నెమ్మదిగా లేచేది. ఇది తెలిసినవాడు హాస్టల్లో దేవుడితో సమానం :)

తర్వాత ఏఎమ్‌డీ వంతు. 2000లో వచ్చిన థండర్‌బర్డ్ అథ్లాన్‌లకీ డ్యూరాన్‌లకీ చిప్ పైన ఎల్1 బ్రిడ్జిలని సన్నటి చుక్కల వరస ఉండేది. అక్కడ తెగి ఉన్న చోట మామూలు పెన్సిల్‌తో గీత గీస్తే చాలు, గ్రాఫైటు కరెంటుని దాటిస్తుంది, మల్టిప్లయర్ తాళం ఊడిపోతుంది. ఇంటెల్ కోటకి పెన్సిల్ ముక్కతో బీటలు వేయలేకపోయినా, ఏఎమ్‌డీ కోటకి వేశారన్నమాట. 2001లో వచ్చిన అథ్లాన్ ఎక్స్‌పీలో ఆ చుక్కల మధ్య లేజర్‌తో గుంటలు పెట్టారు, పెన్సిల్ పని చెయ్యలేదు. 2003 నాటి అథ్లాన్ ఎక్స్‌పీ 2500 ప్లస్‌కి మల్టిప్లయర్ 11, బస్ 166. బస్ 200 చేస్తే 2200 మెగాహెర్ట్జ్, అంటే అచ్చంగా ఖరీదైన 3200 ప్లస్. అప్పటికి ఎన్‌ఫోర్స్2 చిప్‌సెట్ పీసీఐ, ఏజీపీలకి విడి గడియారం ఇచ్చేసింది. 83 నాటి డిస్కు గండం అలా గడిచింది.

ఈ కాలంలోనే ఇంకో తలనొప్పి. 2000ల మొదటి సంవత్సరాల్లో చాలా బోర్డుల మీద నాసిరకం కెపాసిటర్లు ఉబ్బి పగిలిపోయాయి. లక్షణం విచిత్రంగా ఉండేది. పొద్దున్నే ఆన్ చేస్తే లేవదు, నాలుగైదుసార్లు ఆన్ ఆఫ్ చేశాక లేస్తుంది, ఇక సాయంత్రం దాకా భేషుగ్గా నడుస్తుంది. చెడిపోతున్న కెపాసిటర్ చల్లగా ఉన్నప్పుడు మరీ మొండికేస్తుంది, కాస్త వేడెక్కాక దారికొస్తుంది. ఓవర్‌క్లాక్ చేసినవాడు సహజంగానే తన సెట్టింగుల్ని అనుమానిస్తాడు. స్పీడు మామూలుకి తెచ్చినా అదే తంతు నడిస్తే అప్పుడు కేసు విప్పి కెపాసిటర్ల నెత్తులు చూడాలి.

ఇప్పటిదాకా మనలాంటి వాళ్ళ ఆగడాలు చెప్పాను. ఇప్పుడు కంపెనీ చేసిన ఆగడం. 2000 మార్చి 6న ఏఎమ్‌డీ ఒక గిగాహెర్ట్జ్ అథ్లాన్ ప్రకటించింది, రెండు రోజుల తర్వాత ఇంటెల్ కూడా "మాదీ ఉంది" అంది. ఆ పరుగు పందెంలో జులై 31న ఇంటెల్ 1.13 గిగాహెర్ట్జ్ పెంటియమ్ త్రీ తెచ్చింది. అది బూటయ్యేది. ఆటలు ఆడేది. టామ్స్ హార్డ్‌వేర్ నడిపే థామస్ పాబ్స్ట్ దాని మీద లినక్స్ కెర్నల్ కంపైల్ చెయ్యబోతే మాత్రం మధ్యలో పడిపోయేది. హార్డ్‌ఓసీపీ కైల్ బెనెట్, ఆనంద్‌టెక్ ఆనంద్ లాల్ షింపి కూడా పరీక్షించి చూశారు. ఆగస్టు 28న ఇంటెల్ ఆ చిప్పులన్నీ వెనక్కి తీసుకుంది. మార్జిన్ అయిపోయిన చోట అంకె ముద్రించి అమ్మారంతే. నా దృష్టిలో అది ఫ్యాక్టరీలోనే ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్. గమనించండి, బయటపెట్టింది బూట్ స్క్రీన్ కాదు, బెంచ్‌మార్కూ కాదు, ఒక పెద్ద కంపైల్. మన వృత్తివాళ్ళకి ఇంతకంటే గర్వకారణం ఏముంటుంది!

2005లో మైక్రోసాఫ్ట్ రేమండ్ చెన్ రాసిన ఒక ఉదంతం నాకు ఇష్టం. విండోస్ క్రాష్ రిపోర్టులు చూసే సహోద్యోగికి అసాధ్యమైన క్రాషులు తగిలాయట. ఒక రిజిస్టర్‌ని దానితోనే ఎక్సార్ చేసి సున్నా చేసే సూచన దగ్గర పడిపోవడం లాంటివి. మెమరీ ముట్టదు, పాయింటర్ లేదు, అది ఫెయిలవ్వడానికి దారే లేదు. ఆరా తీస్తే వాళ్ళలో చాలామంది ఓవర్‌క్లాకర్లు. కొందరు "మేం అలాంటివేం చెయ్యలేదండీ" అన్నారు. తీరా చూస్తే అమ్మిన చిన్న దుకాణమే పెంచి అమ్మింది. ఎవరి బగ్గో మన మీద పడే సందర్భాలు మనకి తెలుసు కదా. ఎక్కడో ఒకడు బయాస్‌లో చెయ్యి పెడితే ఇంకెక్కడో ఒక డెవలపర్ రాత్రంతా డంపు ముందేసుకుని కూర్చున్నాడు. 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులే సుమారు పది లక్షల ఇళ్ళ పీసీల లెక్కలు తీసి చూపించారు: ఓవర్‌క్లాక్ చేసినవి ప్రాసెసర్ తప్పులతో పడిపోయే అవకాశం మిగతా వాటికంటే చాలా రెట్లు ఎక్కువ.

మన దగ్గర ఇంకో కోణం ఉంది, ఎండ. చిప్ వేడెక్కేకొద్దీ అదే స్పీడుకి ఎక్కువ వోల్టేజీ అడుగుతుంది. జనవరిలో సికింద్రాబాద్ సీటీసీ నుంచి విడిభాగాలు తెచ్చి కట్టుకుని, రాత్రి చలిలో గంటసేపు టెస్టు నడిపి "స్టేబుల్" అని తీర్మానించుకున్న స్పీడు, మే నెలలో ఏసీ లేని గదిలో నలభై దాటిన మధ్యాహ్నం నిలబడాలని లేదు. చల్లటి దేశాలవాళ్ళు ఫోరంలో పెట్టిన అంకెలు మక్కీకి మక్కీ దించుకుంటే బెజవాడలో చెల్లవు.

తగువు సంగతికి మళ్ళీ వస్తానన్నాను. 2011 జనవరిలో శాండీ బ్రిడ్జ్‌తో ఇంటెల్ గడియారాల్ని మళ్ళీ ఒకదానికొకటి కట్టేసింది. బేస్ క్లాక్ 100 నుంచి నాలుగైదు శాతం కంటే ఎక్కువ జరిపితే మిగతా బస్సులన్నీ మొరాయిస్తాయి. స్పీడు కావాలంటే మల్టిప్లయర్ తెరిచిన కె రకం చిప్ కొనాలి. ఐ5 2500 ధర 205 డాలర్లు, 2500కె 216. పదకొండు డాలర్లకి తాళంచెవి! నిజం చెప్పాలంటే నాకిది పెద్ద అన్యాయంగా అనిపించదు, కనీసం ధర రాసి పెట్టారు. 2015 డిసెంబరులో కొన్ని బోర్డు కంపెనీలు బయాస్ మార్చి, కె కాని స్కైలేక్ చిప్‌లని కూడా బేస్ క్లాక్‌తో పెంచడం మొదలెట్టాయి. 2016 మొదట్లోనే కొత్త మైక్రోకోడుతో ఆ దారి మూసేశారు. ఐబీఎమ్ క్రిస్టల్ కథే, ముప్పయ్యేళ్ళ తర్వాత.

ఐతే ఇప్పుడు మార్జిన్ మనకి మిగలడమే తక్కువ. టర్బో అనీ బూస్ట్ అనీ కంపెనీలే దాన్ని చివరిదాకా పిండి అమ్ముతున్నాయి. దాని పర్యవసానం 2024లో చూశాం. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు, ముఖ్యంగా ఐ9లు, కొన్నాళ్ళు బాగా నడిచి తర్వాత ఆటల్లో "వీడియో మెమరీ చాలదు" అనే అర్థంలేని ఎర్రర్లు ఇవ్వడం మొదలెట్టాయి. జనం గ్రాఫిక్స్ కార్డులు మార్చారు, డ్రైవర్లు మార్చారు. తప్పు మాత్రం ప్రాసెసర్‌ది. మైక్రోకోడ్ అవసరానికి మించిన వోల్టేజీ అడగడం వల్ల గడియారపు సర్క్యూటు ముందే ముసలిదైపోయిందని ఇంటెలే చెప్పింది. ఆగస్టు నుంచి కొత్త మైక్రోకోడులు ఇచ్చింది, వారంటీ రెండేళ్ళు పొడిగించింది. అప్పటికే అరిగిన చిప్‌ని ఏ మైక్రోకోడూ బాగుచెయ్యదు. ఇందులో చాలామంది యజమానులు బయాస్‌లో ఒక్క అంకె కూడా ముట్టలేదు.

కాబట్టి ఇవాళ మీ మెషీన్ లేవకపోతే ఎక్కడ మొదలెట్టాలి? "నేనేం ఓవర్‌క్లాక్ చెయ్యలేదే" అనకండి. డీడీఆర్5 6000 మెమరీ కొని ఎక్స్‌పో ఆన్ చేశారా? అది ఓవర్‌క్లాకింగే. ఏఎమ్‌డీ రైజెన్ 7000 వరసకి అధికారికంగా హామీ ఇచ్చింది 5200కే. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్పులు సాకెట్లోనే మాడిపోయినప్పుడు, ఎక్స్‌పో ఆన్ చేస్తే బోర్డులు పెంచేసే ఎస్ఓసీ వోల్టేజీకి 1.3 దగ్గర అడ్డుకట్ట వెయ్యాల్సొచ్చింది. అందుకని ముందు అదే ఆఫ్ చెయ్యండి. బయాస్‌దాకా రాకపోతే క్లియర్ సీమాస్, 1998లో లాగే. కూతల బదులు ఇప్పుడు బోర్డు మూలన నాలుగు చిన్న లైట్లుంటాయి: ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్, బూట్. ఏది వెలిగి ఆగిపోయిందో చూసి, ఒక్క మెమరీ స్టిక్ మాత్రం ఉంచి మళ్ళీ ప్రయత్నించండి. లేచాక సంబరపడకుండా ఒక రాత్రి మెమరీ టెస్టు నడపండి, మర్నాడు మీ దగ్గరున్న అతిపెద్ద ప్రాజెక్టుని పదిసార్లు క్లీన్ బిల్డ్ చెయ్యండి. ఒక్కసారి తేడా వచ్చినా ఆ స్పీడు మీది కాదు.

ఇంకోటి. మెమరీ లైటు వెలిగి తెర నల్లగా ఉంటే వెంటనే కంగారుపడొద్దు. ఏఎమ్5 బోర్డులు మొదటిసారీ, సీమాస్ క్లియర్ చేసిన ప్రతిసారీ మెమరీకి ట్రైనింగ్ ఇచ్చుకుంటాయి. ఎక్కువ మెమరీ ఉంటే దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో పవర్ బటన్ నొక్కేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. వెళ్ళి టీ తాగి రండి.